పాట నడిచిన దోవ

కుందూ పొంగి నంద్యాల వీధుల్లో మంచాలు తేలిన ఏడాది అది. నీళ్లు తీసిన నెలకు, ఒక శుక్రవారం పొద్దున, ఆళ్లగడ్డలో సాక్సాఫోన్ పౌలు రెండు పనులు పెట్టుకున్నాడు. ఎనిమిదింటికి మద్దిలేటి కొడుకు పెళ్లి ఊరేగింపు. పదకొండింటికి చర్చిలో పాట.

మొదటిది కూటికి. ప్రాణమంతా రెండోదాని మీదే ఉంది. ఇంట్లో పదిమంది పిల్లలకు వాయిద్యం నేర్పుతుంటే ఇంటి ఓనరు మోత భరించలేక వద్దన్నాడు. చర్చి పక్క గది అడిగితే సంఘ పెద్ద సుగుణమ్మ అడ్డం పడింది. "తాగి గంతులేసేటోళ్ల ముందర ఊదే గొట్టం దేవుని ముందర ఊదుతావా? పో అప్పా!" అంది. నంద్యాలలో ఉండే పాస్టరు అయ్యగారు ఆ శుక్రవారం వచ్చి, పాట విని తేలుస్తానన్నాడు.

అందుకే పౌలు ఒక స్తుతి పాటను జాజ్ బాణీలో కట్టుకున్నాడు. ఎప్పుడో కొన్న కేసెట్టులో విన్న, నూనె జారినట్టు జారే బాణీ. రాసుకోవడం అతనికి రాదు. పాటను దోవతో గుర్తు పెట్టుకుంటాడు. నెలరోజులు బస్టాండు నుంచి చర్చికి నడుస్తూ ఊదాడు. నూనె మిల్లు దాకా పల్లవి. అక్కడ ఎడమకు తిరిగితే మొదటి చరణం. చేతిపంపు దగ్గర కుడికి తిరిగితే రెండోది. చర్చి వాకిట్లో ముగింపు.

ఊరేగింపు బస్టాండు చేరింది. జీపులోంచి మద్దిలేటి అరిచాడు.

"ఆ దడదడ ఆపప్పా పౌలూ, తల పగుల్తాంది! మెత్తగా ఏదన్నా ఊదు."

పౌలు దగ్గరున్న మెత్తటి పాట ఒక్కటే. కళ్లు మూసుకుని అందుకున్నాడు. నూనె మిల్లు దగ్గర పల్లవి అయిపోయింది, కాళ్లు ఎడమకు తిరిగాయి. వాటి వెంట డోళ్లు, డోళ్ల వెంట గంతులేసేవాళ్లు, వాళ్ల వెంట జీపు.

"మంటపం నేరుగా కదా నాయనా?" అన్నాడు పెళ్లికొడుకు కిరణ్.

"బ్యాండోళ్లకు తెలీదా? పెండ్లికొడుకువి, నోరు మూసుకోని కూచో!"

ముగింపు స్వరం మీద పౌలు కళ్లు తెరిచాడు. ఎదురుగా, పొద్దున్నే దిగిన అయ్యగారు, పక్కన సుగుణమ్మ. వెనక మూడొందల మంది. అతను నోరు తెరిచేలోగా జనం లోపలికి పోయి బెంచీలు నింపేశారు.

పెళ్లికొడుకు తల్లి భారతమ్మ గోడలు చూసి మండిపడింది. "ఏందీ, ఒక్క మామిడాకు కూడా కట్టల్యా! మనమంటే అంత చులకనా పెండ్లికూతురోళ్లకు?"

మద్దిలేటి తెల్ల బట్టల్లో ఉన్న అయ్యగారిని వంట మేస్త్రీ అనుకున్నాడు. "టిఫిన్లు యాడ పెట్టినారప్పా?"

అయ్యగారు అది వినలేదు. పెళ్లికొడుకు ప్రార్థన కోసమే వచ్చాడనుకుని తల మీద చెయ్యి పెట్టాడు. కిరణ్ ఎవరో పెద్దాయనని కాళ్లకు మొక్కాడు.

అంతలో ఊరేగింపును వెతుక్కుంటూ వచ్చి, ఆటోలోంచి పెళ్లికూతురి తల్లి ఉమామహేశ్వరమ్మ దిగింది.

"ముహూర్తం అరగంటే ఉంది! ఈడేం చేస్తాండారు? పెండ్లి ఇష్టం లేకుంటే చెప్పండి!"

"మంటపం మార్చింది మీరు కాదా?" అంది భారతమ్మ.

"మేమెందుకు మారుస్తామమ్మా!"

ఇరువైపులా గొంతులు లేచాయి. సుగుణమ్మ చప్పట్లు కొట్టింది, గంట కొట్టింది. ఒక్కరూ కదల్లేదు. టిఫిన్ తినందే లేచేది లేదన్నారు. గది ఆశ పోయిందనుకుని పౌలు ఒక మూలకు ఒదిగాడు.

సుగుణమ్మ బెంచీ ఎక్కింది. "పౌలూ! చూస్తావేందీ? ఊదప్పా!"

"ఈడనా అమ్మా? దేవుని ముందరనా?"

"యాడైతే ఏం! ఊది వీళ్లను తోలుకోని పో!"

పౌలు గుండె నిండా గాలి పీల్చాడు. ఆ పాటే అందుకున్నాడు, ఈసారి కళ్లు తెరుచుకుని. అయితే ఇప్పుడు దోవ ఎదురు తిరిగింది కాబట్టి రెండో చరణం ముందు, మొదటి చరణం తర్వాత, పల్లవి చివర. ఎవరికీ తేడా తెలియలేదు. బెంచీలు ఖాళీ అయ్యాయి. మూడొందల మంది గంతులేస్తూ చేతిపంపు దాటి, నూనె మిల్లు దగ్గర అసలు దోవకు మళ్లి, మంటపం చేరారు. ముహూర్తానికి రెండు నిమిషాల ముందు కిరణ్ పీటల మీద కూర్చున్నాడు.

పాట వెంట అయ్యగారూ వచ్చేశాడు. భోజనాల పంక్తిలో సుగుణమ్మతో అన్నాడు.

"ఇరవై ఏండ్లుగా ప్రసంగం చేస్తాండా. పిలిస్తే వచ్చి, పొమ్మంటే పోయినోళ్లను నేను చూళ్లేదు. ఆ గది ఇచ్చేయమ్మా."

"నేనెప్పుడు వద్దన్నా?" అంది సుగుణమ్మ.

మరునాడు పొద్దున పౌలు ఆ గదిలో శిష్యులను కూర్చోబెట్టి, ముందు గొంతుతో 'సా' పట్టుకోమన్నాడు. పది గొంతులూ పది దిక్కులకు పోయాయి.