నాగసుబ్బమ్మ ఆర్థిక విధానం

భార్య పోయినవాడికి మా ప్రొద్దుటూరులో సన్మానం చేయరు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

మా ఊళ్ళో ప్రజా ఆర్థిక చింతన వేదిక అని ఒకటి ఉంది. దేశ ద్రవ్య, ఆర్థిక, సామాజిక విధానాల మీద విశేష కృషి చేసినవారికి ఏటా పురస్కారం ఇస్తుంది. కిందటేడు పులివెందులలో చీనీతోటలున్న ఆసామి ఒకాయనకు ఇచ్చారు. దేశ ద్రవ్య విధానం మీద ఆయన చేసిన కృషి, సభకు వచ్చిన వాళ్ళందరికీ భోజనాలు పెట్టించడం. భోజనం బాగుంది. కాదనను.

నేను నూనె అంగడి నడిపినవాణ్ణి. ముద్దనూరు దగ్గర మా పల్లె బడిలో ఎంత చెప్పారో అంతే నా చదువు. అయినా బడ్జెట్ ప్రసంగం మొదటి నుంచి చివరి దాకా వింటాను. వీధిలో నన్ను బడ్జెట్ ఓబుళరెడ్డి అంటారు. మెచ్చుకుని పెట్టిన పేరు కాదు.

నా భార్య నాగసుబ్బమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంట్లోనే వాదన జరిగేది. ఆమె పోయాక టీవీతో వాదిస్తున్నాను. టీవీ వినదు. ఆమె కూడా వినేది కాదు. కానీ జవాబు చెప్పేది.

అందుకే పురస్కారం కావాలనుకున్నాను. శాలువా కోసం కాదు. పురస్కారం తీసుకున్నవాడు మాట్లాడేటప్పుడు మధ్యలో లేచిపోవడం మర్యాద కాదు కాబట్టి జనం కూర్చుంటారు. నా మాట చివరి దాకా విన్న మనిషిని చూసి చాలా కాలమైంది.

వేదిక అధ్యక్షుడు కృపానందం. జమ్మలమడుగులో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు. బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్ళాను.

“నీకియ్యకూడదని కాదప్పా,” అన్నాడు. “మన కాడ మొగుడూ పెండ్లాలను కూచోబెట్టి చేసేది ఆనవాయితీ. ఆయనకు శాలువా, ఆమెకు చీర.”

“నాకు శాలువా కప్పి, చీర మిగిలించుకోండి.”

“రెండో కుర్చీ ఖాళీగా కనపడతాది. ఫోటోలో శానా బోసిగా ఉంటాది.”

“ఒకటే వేయండి సారూ.”

“ఒకటే వేసేది చనిపోయినోళ్ళకిచ్చే పురస్కారానికి. ఇంటోళ్ళెవరన్నా వచ్చి కూచోని తీసుకుంటారు. నువ్వు చనిపోలేదు కదప్పా.”

ఆ చివరి మాట కొంచెం విచారంగానే అన్నాడు.

తిరుగు బస్సులో ఆలోచించాను. నేను చనిపోలేదు. ఆమె చనిపోయింది. కుర్చీ ఒకటే. కూర్చునేది నేను. మాట్లాడేదీ నేనే. బస్సు ప్రొద్దుటూరు చేరేలోగా పథకం తయారైంది. కృషి కింద చూపడానికి ఒక వ్యాసం నేను రాస్తాను. పేరు ఆమెది పెడతాను.

పెద్దలు రాసే పద్ధతి ఒకటుంది. ముందు ఎదుటివాడి వాదన చెప్పి, ఆ తర్వాత దాన్ని ఖండించాలి. నాకూ ఒక ఎదుటివాడు కావాలి. నాతో వాదన పెట్టుకున్న మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. “కొందరు అవివేకులు ఇలా అంటారు” అని రాసి, కింద ఆమె మాటలు ఆమె అన్నట్టే పెట్టాను. వాటి కింద నా ఖండన పెట్టాను.

ఉచిత పథకాల అధ్యాయం ఇలా మొదలైంది. ఒకనాడు ఆమె సంగటి పెడుతుంటే చెప్పాను.

“ఉత్తగా పెడితే జనం సోమరులైతారే.”

“పెండ్లయినప్పటి నుంచీ నీకు ఉత్తగానే పెడతాండా కదా. నువ్వు సోమరివైనావా?”

“నేనెందుకైతా?”

“అట్లయితే లేచి ఆ నీళ్ళ చెంబు తెచ్చుకో చూద్దాం.”

చెంబు దూరంగా ఉంది.

ధరల అధ్యాయమూ అంతే. “ధరల పెరుగుదల తగ్గిందంట,” అన్నాను పేపరు చూసి.

“యాడ తగ్గింది? కందిపప్పు తగ్గలేదే.”

“ధర తగ్గలేదే. పెరిగే వేగం తగ్గింది.”

“నాకూ నీమీద కోపం తగ్గింది పో. పెరుగుతానే ఉండాది, మెల్లగా పెరుగుతాంది.”

ఆనాడు నేను పేపరు మడిచి అంగడికి పోయాను. వ్యాసంలో రెండు పేజీల జవాబు చెప్పాను. ఎదురు మాట్లాడేవాళ్ళు లేనప్పుడు జవాబు ఎంత బాగా వస్తుందో అప్పుడే తెలిసింది. కానీ ఒకటి. ఆమె మాటలు రాసేటప్పుడు కలం ఆగలేదు. నావి రాసేటప్పుడే ఆగింది.

పైన ఆమె పేరు రాసి కృపానందానికి పంపించాను. ఆయన ఫోన్ చేశాడు.

“ఓబుళరెడ్డీ, మీ ఇంటామె ఇట్లా రాస్తాదని ఒక్కనాడన్నా చెప్తివా?”

“ఆమె చెప్పనిచ్చేది కాదు సారూ.”

“కమిటీలో ఒక్కరు కూడా వద్దనలేదు. ఇన్నేండ్లలో ఇట్లాంటిది రాలేదప్పా.”

ఆ పూట ఇద్దరికి సరిపోయే సంగటి కెలికాను. మిగిలిపోయింది.

సభ ఈసారి అధ్యక్షుడి ఊరు జమ్మలమడుగులో, ఆదివారం పొద్దున. స్టేజీ మీద నాకు ఒకే కుర్చీ వేశారు. కూర్చున్నాను. హాలు నిండింది. అంతవరకూ అంతా నేను అనుకున్నట్టే జరిగింది. ఇంతలో మా ఎదురింటి వనజమ్మ, మా వీధిలో బట్టలు కుట్టే జమీలా, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు ఆటో దిగి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళను నేను పిలవలేదు.

“నీకోసం రాలేదులే బావా,” అంది వనజమ్మ నా మొహం చూసి. “అక్క కోసం వచ్చినాం.”

కృపానందం మైకు దగ్గర నిలబడి వ్యాసం చదవడం మొదలుపెట్టాడు. చెంబు దగ్గర హాలు నవ్వింది. కందిపప్పు దగ్గర చప్పట్లు కొట్టింది. బడ్జెట్ లోటు గురించి ఆమె అన్న మాట కూడా చదివాడు: “ఇంట్లో కూడు తక్కువబడితే, అందరూ తిన్నాక కడాకు తినే ఆడదానికి తక్కువబడతాది. దేశంలో కడాకు తినేదెవరో చెప్పి, అప్పుడు లోటు మంచిదను.” ఎవరూ నవ్వలేదు. వెనక ఎవరో “నిజమే” అన్నారు.

నా ఖండన ఎప్పుడు చదువుతాడా అని చూస్తున్నాను.

“ఇంతకన్నా గొప్ప సంగతి ఇంకోటి ఉండాది,” అన్నాడు కృపానందం. “తన మాటలను ఎగతాళికి అవివేకుల మాటలని, ప్రతి మాట కిందా ఒక మొగాయన గొంతు పెట్టింది ఈమె. ఆయనకు ఏమీ తెలీదు. అన్నీ తెలిసినట్టు రెండేసి పేజీలు మాట్లాడతాడు. మన టీవీ మేధావులను అచ్చు దించేసింది. అంత పొడుగు తెలివితక్కువతనాన్ని, యాడా తన నవ్వు బయటపడకుండా రాసిందే, అదీ ప్రతిభ. మా కమిటీలో ఒకాయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయినాడు.”

అది నా ఖండన.

“ఎవరిని చూసి రాసిందో తెలిస్తే బాగుండు,” అన్నాడు.

“స్టేజీ మీద కూచోనుండాడు కదా సారూ,” అంది వనజమ్మ.

హాలు నవ్వి నవ్వి తేరుకునేలోగా లేచి మైకు అందుకున్నాను. “ఆ పేజీలు రాసింది నేనే,” అన్నాను.

మళ్ళీ నవ్వు.

“అక్క ఉన్నప్పుడూ ఇంతే సారూ,” అంది వనజమ్మ. “కూర ఆమె చేస్తే నేను చేసినా అంటాండె.”

నాకు రోషం వచ్చింది. అయితే కానీ, నోటితోనే ఖండిస్తానని మొదలుపెట్టాను. లోటు లేనిదే అభివృద్ధి లేదన్నాను. చప్పట్లు. ఉచితాలు దేశానికి చేటన్నాను. ఈలలు. వ్యాసంలోని మొగాయనను నేను నటించి చూపిస్తున్నానని వాళ్ళు అనుకుంటున్నారు. నేను గొంతు పెంచేకొద్దీ వాళ్ళకు నవ్వు పెరిగింది. ఒక్కరూ లేచిపోలేదు.

“దేశం కోసం అందరూ కొంత కష్టం ఓర్చుకోవాల,” అని ఆగాను.

అక్కడ ఆగడం నాకు అలవాటు. అక్కడ ఆమె మాట పడేది. హాలు కూడా ఆగింది. నేను ఇంకా ఆగే ఉన్నాను.

ముందు వరసలో జమీలా మెల్లగా అంది. “అందరూ అంటే, నువ్వు కూడానా?”

అని, సిగ్గుపడి, “అత్త అట్లే అడుగుతాండె మామా,” అంది.

ఇంట్లో ఈ ప్రశ్న వచ్చినప్పుడు “సంగటి పెట్టు” అనేవాణ్ణి. స్టేజీ మీద అలా అనడానికి లేదు. వచ్చి కూర్చున్నాను. ఆరోజు పడిన చప్పట్లలో అప్పుడు పడినవే పెద్దవి.

నాకు శాలువా కప్పారు. ఆమె పేరు చెక్కిన జ్ఞాపికను నా చేతికి ఇవ్వబోతే వనజమ్మ స్టేజీ ఎక్కి అందుకుంది. “మా ఇంట్లో పెడతాలే బావా. నీ కాడుంటే దాంతో కూడా వాదన పెట్టుకుంటావు.” కృపానందం సరేనన్నాడు. నన్ను ఎవరూ అడగలేదు.

ఆడవాళ్ళు ఆటోలో వెళ్ళిపోయారు. ఆమె మాటలు ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకోవడం మలుపు తిరిగే దాకా వినపడింది. ఆటోలో చోటుంది. రమ్మన్నారు. నేను బస్సులో వస్తానన్నాను.

కృపానందం నన్ను బస్టాండు దాకా సాగనంపాడు. “ఆమె ఇంకేమన్నా రాసిపెట్టి పోయిందా అప్పా? అచ్చేయిస్తాం.”

“లేదు,” అన్నాను.

అది అబద్ధం కాదు. ఆమె రాయలేదు. అనింది. ఆ వ్యాసంలో పెట్టనివి చాలా ఉన్నాయి. అవి నాతో తప్ప ఇంకెవరితోనూ అనలేదు. వాటిని ఎవరికీ ఇవ్వను. ఈ పురస్కారం సంగతి కూడా ఇప్పుడు చెప్పిందే చివరిసారి. ఇక మీద ఎవరు అడిగినా నోరు విప్పను.