కొత్తవాడ గచ్చు విజయం

సిమెంటు బస్తా ఒక్కటి కావాలన్నా పర్మిటు కాగితం చేతబట్టి పడిగాపులు పడవలసిన ఆ కఠోర కాలంలో, మగ్గాల చప్పుడే మంగళవాద్యంగా మేల్కొనే ఓరుగల్లు మహానగరపు కొత్తవాడలో, జంపఖానాలు నేయడంలో సాటిలేని మేటి, పడుగుపేకల పరమేశ్వరుడు, తాపీ పనిలో మాత్రం ఓనమాలు రాని సారంగపాణి ఒకానొక ఆదివారం పొద్దున లుంగీ ఎగగట్టి, తన గడప ముందు, శత్రువుకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

శత్రువు ఒక గుంట.

గచ్చు పెచ్చులూడి పుట్టింది. జానెడు వెడల్పు, బొటనవేలంత లోతు. అయినా దాని పరాక్రమం సామాన్యం కాదు. పాలవాణ్ణి పాలతో సహా పడగొట్టింది. చిట్టచివరకు, పరకాల నుంచి కూతురు శారదను చూడవచ్చిన అత్తగారు సమ్మమ్మ కుడికాలి బొటనవేలి గోరు పెకలించి మహాపాపం మూటగట్టుకుంది. ఆనాడు ఆ వీరమాత నెత్తురోడే వేలిని చేత పట్టుకుని, వాడకట్టంతా దద్దరిల్లేలా శపథం చేసింది.

"గీ బొంద పూడేదాక నీ ఇంట్ల అడుగువెడ్తే నేను సమ్మమ్మనే గాదు అల్లుడా. పూడినంక గూడ నా వేలికి తాకిందా, మల్ల నీ గడప మొఖం సూడ."

అన్నంత పనీ చేసింది. అది మొదలు ఎప్పుడొచ్చినా ఎదురింటి యాదవ్వ అరుగు మీదే మకాం. అక్కడే చాయ్, అక్కడే ముచ్చట్లు, అక్కణ్ణుంచే తిరుగు బస్సు. తల్లికి పెట్టడానికి శారద అన్నం గిన్నెతో వీధి దాటుతుంటే, ఇరుగుపొరుగు చూపులన్నీ బాణాలై సారంగపాణి వీపున దిగేవి. తిరిగొచ్చి శారద ఖాళీ గిన్నె అతని ముందు పెట్టేది. అదే ఇంకా పెద్ద బాణం.

ఈ సాయంత్రం బస్సుకు సమ్మమ్మ వస్తోంది. అప్పటికి గుంట పూడాలి. లేదంటే మళ్లీ యాదవ్వ అరుగే.

మేస్త్రిని పిలుద్దామంది శారద. వీరుడు ససేమిరా అన్నాడు. ఇసుక, సిమెంటు, ఎర్రరంగు పొడి, వీటికి తోడు నీళ్లకు బదులు నిన్నటి కుండలోని గంజి. ఈ చతురంగ బలాలను ఇనుప తట్టలో ఏకం చేయబోతుంటే ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"సిమెంట్ల గంజి పోస్తరా ఎవలన్న?"

"గంజి వెట్టకుంటే దారమే నిలువది, సిమెంటు నిలుస్తదా? నువ్వు జర సూస్తుండు."

చూసింది. తాపీ మెరిసింది, గుంట మూసుకుపోయింది. అంతటితో తృప్తిపడే రకమా మన కథానాయకుడు? తడి గచ్చు మీద నూలుపోగులు బిగలాగి ఒత్తి, చారలు దిద్ది, అంచులు తీర్చి, గడప ముందు ఎర్రని జంపఖానా పరిచినట్టే చేశాడు.

అప్పుడు దిగింది శత్రుసైన్యం. గంజితో పాటు జారిన మెతుకులు కంటబడగానే యాదవ్వ కోడిపుంజు, రక్తకిరీటధారి, కుక్కుటకులసార్వభౌముడు, సకుటుంబంగా వీధి దాటి వచ్చి, అంచులు తొక్కి, చారలు చెరిపి, డిజైనును ముక్కున కరచుకుని పోతుండగా, సారంగపాణి చీపురు గదలా తిప్పుతూ, ఈకలు మేఘాలై లేవగా, చెప్పు ఒకటి కోల్పోయి, వారిని వీధి ఆవలికి తరిమాడు. కోళ్లను కట్టేసుకొమ్మని యాదవ్వ మీద కేకేశాడు. ఆమె అరుగు దిగకుండానే జవాబిచ్చింది.

"మెతుకులు సల్లి పిలిచింది నువ్వు. నా కోడినంటవేంది కొడుకా?"

చెదిరిన డిజైను మళ్లీ దిద్దాడు. మిట్టమధ్యాహ్నం వేలు పెట్టి చూశాడు. దిగింది. పొద్దు వాలుతుండగా చూశాడు. అంతే లోతుకు దిగింది. దారాన్ని ఉక్కులా బిగించే గంజి సిమెంటును వెన్నలా ఉంచేసింది. మహావీరుడు చేట తెచ్చి, గచ్చుకు విసరడం మొదలుపెట్టాడు. శారద రెండో చేట తెచ్చింది.

వాడ మొదట్లో రిక్షా గంట మోగింది.

సమ్మమ్మ దిగింది. అలవాటుగా యాదవ్వ అరుగు వైపు నడవబోయి, ఎర్రగా మెరుస్తున్న గడపను చూసి ఆగింది. సారంగపాణి చేట డాలులా పట్టి అడ్డం నిలిచాడు.

"అత్తా, జర ఆగు. బొంద పూడింది, అబద్ధం గాదు. గని ఇంక..."

"పూడిందన్నవ్ గద, జరుగు."

కుడికాలు లేచింది. సరిగ్గా పాత శత్రువు సమాధి మీద దిగింది. దిగుతూనే పోయింది, చీలమండ అంచు దాకా. శారద కళ్లు మూసుకుంది. సమ్మమ్మ తల వంచి, ఎర్రబురదలో బొటనవేలిని అటూ ఇటూ ఆడించి చూసుకుంది.

"తాకలే," అన్నది. "గచ్చంటే గిట్లనే ఉండాలె, మెత్తగ."

ఎర్రని అడుగులు వేసుకుంటూ వంటింట్లోకి పోయి పీట వాల్చుకుంది. ఆ రోజు శారద అన్నం గిన్నెతో వీధి దాటలేదు.

గచ్చు తాపీగా, తన ఇష్టం వచ్చినప్పుడు గట్టిపడింది, జంపఖానా నడిమధ్య సమ్మమ్మ పాదం అచ్చుతో సహా. అందులో కాలు మడతపడి పాలవాడు మళ్లీ పడ్డాడు. సారంగపాణీ పడ్డాడు. కానీ పరకాల బస్సు దిగి వచ్చిన ప్రతిసారీ ఆ మహాతల్లి మాత్రం తన కుడిపాదాన్ని దాని అచ్చులో ఒద్దికగా అమర్చి, అతి అనాయాసంగా లోపలికి పోయేది.

కావున ఓరుగల్లు దిగ్దిగంతాల ప్రజలారా, వినండి: కొత్తవాడ మహాసంగ్రామం ముగిసింది. ఒక బొటనవేలు క్షేమం.