రారోటోంగా పోవాల్సిన పాస్‌పోర్ట్

“రామమ్మక్కా, రాసుకో. ఈ దేశంల దొంగలు ఇన్నేండ్లు సుఖంగ బతికిన్రంటే కారణం ఒక్కటే. నేను బస్సు డ్యూటీల ఉంటి.”

ఈ మాట అన్న మనిషి వీరేశం. ముప్పై ఒక్క ఏండ్లు కండక్టరుగా చేసి, రిటైరై, ఆలేరు వదిలి, భార్య మల్లీశ్వరి పుట్టిన ఊరు పోచంపల్లికి వచ్చి మా ఇంటి పక్కన ఇల్లు కట్టుకున్నాడు. బస్సులో చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగినవాడి దగ్గర టికెట్ లేదని ఒక్క చూపులో పసిగట్టేవాడట. ఆ చూపు వృథా పోవద్దని ఇంటి ముందర బోర్డు పెట్టాడు: ‘వీరేశం రహస్య పరిశోధన కేంద్రం’. రహస్యం కాబట్టి ఎవరికీ తెలియకుండా పోతుందేమోనని కింద బాణం గుర్తు, ఫోన్ నంబరు కూడా రాయించాడు.

అప్పటికి మూడు కేసులు చూశాడు. మొదటిది మా వాడ పెద్దులు పోగొట్టుకున్న మేక. ఈయన ఆరా తీస్తుండగానే అది దానంతటది ఇంటికి వచ్చింది. రెండోది, మా వాడకు నల్లా నీళ్లు ఎవరు ఆపుతున్నారన్నది. ట్యాంకు ఖాళీగా ఉందని తేలింది. మూడోది ఆయన కళ్లద్దాలు. ఆ విచారణ ఇంకా నడుస్తోంది.

నా పని నోటుబుక్కులో రాయడం. నేను మెల్లగా రాస్తాను, ఆయన తొందరగా అనుమానిస్తాడు. ఒకరి పేరు రాసి ముగించేలోపల ఇంకొకరు దొంగ అయ్యేవాళ్లు.

ఆ బుధవారం పొద్దున ఎదురింటి స్వర్ణ పరుగున వచ్చింది. మొహం రంగెయ్యని నూలులాగా తెల్లబోయి ఉంది.

“కాకా, నా పాస్‌పోర్ట్ కనబడ్తలేదు!”

వీరేశం కుర్చీలోంచి లేచాడు. ప్లాస్టిక్ కుర్చీ కూడా ఆయనతోనే లేచింది. దాన్ని నేను వెనకనుంచి గుంజి కింద పెట్టాను.

“అంతర్జాతీయ కేసు,” అన్నాడు గొంతు తగ్గించి.

స్వర్ణ మంచి నేతగత్తె. నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, చీరలో నెమలిని నిలబెట్టగలదు. పసిఫిక్ సముద్రంలో రారోటోంగా అని ఒక దీవి ఉందట. అక్కడి ఆడవాళ్లు గుంపుగా కూర్చుని పెద్ద పెద్ద పువ్వుల దుప్పట్లు కుడతారట. వాళ్ల సంఘం దేశదేశాల చేనేత ఆడవాళ్లను ఐదు రోజులకు పిలిచింది. మన దిక్కునుంచి స్వర్ణ పేరు వచ్చింది. యాదాద్రి దాటి పోనిది, ఏకంగా సముద్రంలోకే పోతోంది.

నెల రోజులనుంచి వాళ్లింట్లో ఇదే ముచ్చట. స్వర్ణ భర్త దామోదర్ ఆ దీవిని ఫోన్‌లో వెతికి చూపించాడు. ఎంతసేపు జరిపినా నీళ్లే. చివరికి జొన్నగింజంత చుక్క కనబడింది.

స్వర్ణ అత్త బిక్షమ్మ దాన్ని చూసి, “ఆడ చలి పెడ్తదా?” అని అడిగింది.

“లేదత్తమ్మా, మన లెక్కనే ఉక్క. కొబ్బరి చెట్లుంటయి, వానలు పడ్తయి.”

“మరి గా ఉక్కకు గంత దూరం పోవుడెందుకే?”

అయినా తీసుకుపోవాల్సినవాటి పట్టీలో చింతపండు, కారప్పొడి, మోకాళ్ల నొప్పి నూనె బిక్షమ్మే చేర్పించింది. నూనె స్వర్ణకు కాదు, అక్కడి ముసలమ్మలకు.

అన్నీ కుదిరాయి. ఒక్కటే మిగిలింది. దారిలో న్యూజిలాండ్‌లో విమానం మారాలి, దానికి వీసా కావాలి. పాస్‌పోర్ట్, కాగితాలు రేపు పన్నెండు లోపల హైదరాబాదులో ఇవ్వాలి. ఇవ్వకపోతే స్వర్ణ జాగాలో ఇంకొకరు పోతారు.

“మీ అత్తకు చెప్పినవా?” అని అడిగాడు వీరేశం.

“లేదు కాకా. ఆమెకు బీపీ ఉన్నది. ఆగమాగం అయితది.”

“శభాష్! ఆమెకే కాదు, ఏం పోయిందో పురుగుకు గూడ తెల్వొద్దు. నోరు జారితె నేరస్థుడు జారిపోతడు. రామమ్మక్కా, ఈ వాక్యం కింద గీత కొట్టు.”

గీత కొట్టాను.

మేం పోయేసరికి బిక్షమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. బీరువా తెరిచి, చీరలు దులిపి, పరుపులు ఎత్తి, మగ్గం గుంటలో టార్చి వేసి వెతుకుతుంటే, ఆమె రాట్నం ఆపి అడిగింది.

“ఏం దేవులాడుతున్నరే అందరు?”

“ఎలుక!” అన్నాడు వీరేశం తడుముకోకుండా.

“బీరువాల ఎలుకనా?”

“తెలివిగల్ల ఎలుక, అక్కా.”

“ఉల్లిగడ్డ ముక్క పెట్టున్రి, వస్తది,” అని బిక్షమ్మ మళ్లీ రాట్నం తిప్పింది. ఆ రోజంతా ఆమె ఎవరినీ ఊరుకోనియ్యలేదు. “తోక కనబడ్డదా?” అని ఒకసారి, “గుంటల చూసిన్రా, వెచ్చగుంటది,” అని ఒకసారి. వీరేశం ప్రతిసారీ గంభీరంగా తల ఊపాడు.

ఇంతలో బీరువా తలుపు మీద ఆయనకు నీలిరంగు వేలిముద్ర కనబడింది. ఆయన మీసం వణికింది.

“దొరికిండు! రామమ్మక్కా, రాయి. నీలి వేళ్ల మనిషి! కరడుగట్టినోడు. చేసిన నేరం రంగు చేతికి అంటుకున్నది, కడుక్కున్నా పోదు.”

నేను నోటుబుక్కు చంకలో పెట్టుకుని నా రెండు చేతులు చాపాను. పది వేళ్లూ నీలం. స్వర్ణ చాపింది, నీలం, కొంచెం ఎరుపు. దామోదర్ చాపాడు.

“తమ్మీ, ఇది పోచంపల్లి,” అన్నాను.

“అంటే... ముఠానా?”

మధ్యాహ్నం వరకు మా వాడలో, పక్క వాడలో కలిపి ఇరవై రెండు మంది చేతులు చూశాడు. జాతకం చెప్తున్నాడనుకుని ఇద్దరు ఆడవాళ్లు బిడ్డల పెండ్లి ఎప్పుడని అడిగారు. ఒకామెకు మాఘమాసంలో అవుతుందని చెప్పి కూడా వచ్చాడు.

ఆ ఇరవై రెండు మందిలో ఆయన చూపు గురవయ్య మీద నిలిచింది. గురవయ్య పక్క వాడలో నేత నేస్తాడు. ఆ దీవికి తన పెండ్లాన్ని పంపాలని అర్జీ పెట్టాడు, ఆమె పేరు రాలేదు.

“ఉద్దేశం ఉన్నది, వేళ్లు నీలం ఉన్నయి. ఇగ సాక్ష్యం ఒక్కటే తక్కువ,” అంటూ వీరేశం గోడవార నక్కినక్కి నడిచాడు. ఎండలో గోడవార నీడ లేదు, ఊరంతా చూసింది. పెద్దులు అయితే, “కాలు బెణికిందా అన్నా?” అని పిలిచి మరీ అడిగాడు.

గురవయ్య ఇంట్లో లేడు. రంగుల పాకలో నీలం నీళ్ల గంగాళం, పక్కన బల్ల మీద ఒక కాగితం. సన్నని గడులు, గడుల్లో ఎర్ర చుక్కలు, నడుమ ఒక ఉబ్బెత్తు ఆకారం. కళ్లద్దాలు లేని వీరేశం దాన్ని ముక్కుకు ఆనించుకుని చూశాడు.

“మ్యాపు! దీవి మ్యాపు! ఇగో చుట్టు సముద్రం. ఈ ఎర్ర చుక్కలు ఏందో తెల్సా అక్కా? మనుషుల్ని దాచే జాగాలు!”

“తమ్మీ, అది...”

“మాట్లాడకు. గాలి గూడ వింటది.”

“ఏందే వీరేశమన్నా, నా ఏనుగును పట్టుకున్నవు?” అన్నది గాలి కాదు, వెనకనుంచి వచ్చిన గురవయ్య.

వీరేశం ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. కాలు పీట మీద పడింది, పీట జరిగింది, కుడి చెయ్యి భుజం దాకా గంగాళంలో మునిగింది. గురవయ్య ముందు కాగితాన్ని పట్టుకున్నాడు, తర్వాత మనిషిని.

“చీర కొంగు మీది ఏనుగు అది. పది దినాలు గీసిన. ఏం గావాలె నీకు?”

“రారోటోంగా మాట ఎత్తితె నీ మొహం ఎట్ల మారుతదో చూడాలె.”

గురవయ్య మొహం నిజంగానే మారింది, వెలిగింది. “ఆ, స్వర్ణతోని నా కొంగు గూడ పోతాంది గదా! మనం పోకున్నా మన ఏనుగు విమానం ఎక్కుతాంది. నా బ్యాగు గూడ ఇస్త అన్న. ఎందుకే, ఆమె పోతలేదా?”

తన పెండ్లానికి రాని ప్రయాణం గురించి అంత సంబరపడే మనిషిని దొంగ అని నోటుబుక్కులో ఎట్లా రాయను? రాసిన పేరు కొట్టేశాను. వీరేశం మాత్రం చెయ్యి విదిలించుకుంటూ, “నటన!” అని గొణిగాడు.

సాయంత్రం ఐదు గంటలకు స్వర్ణ మా గడప మీద కూలబడింది.

“పెద్దమ్మా, ఇగ ఫోన్ చేసి రానని చెప్త. పొద్దటినుంచి నవ్వుకుంట ఎలుక ఎలుక అంటున్న గని, లోపల పానం పోతాంది. ఒక్కసారి నా చేతులతోని చేసింది, నేనే పట్టుకపోయి చూపెట్టాలె అనుకున్న.”

ఆ మాటకు వీరేశం రొమ్ము విరిచి అన్నాడు. “ఫోన్ చెయ్యకు బిడ్డా. అరగంటల అందరిని మా ఇంటికి పిలువు. నేరస్థుణ్ని నలుగురి నడుమ నిలబెడ్త.”

“ఎవరు కాకా నేరస్థుడు?”

“అరగంట ఉన్నది గదా,” అన్నాడు. ఆయనకూ తెలియదని నాకు అర్థమైంది.

అందరూ వచ్చారు. స్వర్ణ, దామోదర్, గురవయ్య. ఎలుకను చూపిస్తారేమోనని బిక్షమ్మ కూడా చేతిలో ఉల్లిగడ్డతో వచ్చింది. మల్లీశ్వరి చాయ్ పోసింది. వీరేశం నీలం చెయ్యి వెనక్కి పెట్టుకుని గదిలో ఇటునుంచి అటు నడిచాడు.

“నేరస్థుడు ఈ గదిలనే ఉన్నడు!”

“బిస్కెట్లు ఎవలికన్న కావాల్నా?” అంది మల్లీశ్వరి.

“మల్లీశ్వరీ! కీలక ఘట్టం! ఇప్పుడు నేరం ఎట్ల జరిగిందో కళ్లకు కట్టినట్టు చూపెడ్త. దొంగ వచ్చిండు. స్టూలు ఏసుకున్నడు. ఇట్ల ఎక్కిండు.”

“మా బీరువాకు స్టూలు ఎందుకు కాకా?” అన్నాడు దామోదర్.

“పొట్టి దొంగ!” అంటూ వీరేశం స్టూలెక్కి పైన ఉన్న సజ్జ అంచు పట్టుకున్నాడు. స్టూలు ఒక కాలు మీద గిరుక్కున తిరిగింది. ఆయన పట్టు కోసం సజ్జ మీద చేతికందినదాన్ని అందుకున్నాడు. ఒక జల్లెడ, ఒక చాట, ఒక పసుపు గుడ్డ మూట, ఒక డిటెక్టివ్ వరుసగా కింద పడ్డారు. జల్లెడ ఆయన తలకు కిరీటంలా సరిపోయింది.

మూట ముడి విడిపోయింది. అక్షింతలు గదంతా చెదిరాయి. వక్క ఒకటి దొర్లుకుంటూ పోయి గురవయ్య కాలి దగ్గర ఆగింది. గుడ్డ నడుమ ముదురు నీలం అట్టతో చిన్న పుస్తకం.

“నా పాస్‌పోర్ట్!” స్వర్ణ కేక వేసింది.

“నా పరస్తానం!” బిక్షమ్మ అంతకంటే పెద్ద కేక వేసింది. “ఎవడ్రా దాన్ని కింద పడేసింది?”

జల్లెడ కింది నుంచి వీరేశం గొంతు వచ్చింది. “ఈ గదిలనే ఉన్నదని... నేను చెప్పలే?”

సంగతి బిక్షమ్మ చెప్పింది. స్వర్ణ విమానం వచ్చే నెలలో ఒక శనివారం. శనివారం తూర్పు దిక్కుకు పోకూడదు. పైగా అప్పటికి మూఢం. రారోటోంగా ఏ దిక్కని పంతులును అడిగితే ఆయన చాలాసేపు ఆలోచించి, పొద్దు ముందుగా పొడిచే దిక్కే అన్నాడట. అట్లాంటప్పుడు మంచిరోజు చూసి, ప్రయాణం సామాను ఒకటి ముందే వేరేవాళ్ల ఇంట్లో పెడితే, ఆ రోజే బయల్దేరినట్టు లెక్క, అదే పరస్తానం. పోయిన గురువారం మంచి గడియ ఉంది. వాళ్లింటికి తూర్పున ఉన్నది వీరేశం ఇల్లు.

“చీర పెట్టొచ్చు గదత్తమ్మా! అందరు చీరనో చెంబో పెడ్తరు!”

“చీర లేకుంటె విమానం ఎక్కనియ్యరా? గా బుక్కు లేకుంటెనే ఎక్కనియ్యరని నువ్వే చెప్పినవు. అసలు పోయేది అదే గదా, దాన్నే పంపిన.”

మల్లీశ్వరి మొహం కడిగిన పలకలా ఉంది. “పరస్తానం, ముట్టుకోకు అన్నది అత్త. నేను సజ్జ మీద పెట్టిన. లోపల ఏమున్నదో నాకేం ఎరుక?”

“నాకెందుకు చెప్పలే?” అన్నాడు వీరేశం.

“నువ్వు ఏం పోయిందో చెప్పినవా? పొద్దుగాల సంది ఇంట్లకు వచ్చుడు, గుసగుస, పోవుడు.”

“నన్నన్న ఎవలన్న అడిగిన్రా?” అంది బిక్షమ్మ. “ఎలుక అంటిరి. ఎలుకకు ఏం చెయ్యాల్నో చెప్పిన.”

గురవయ్య వక్క ఏరి ఇస్తూ మెల్లగా అన్నాడు. “అన్నా, పోయిన సొమ్ము ఎవలింట్ల దొరికితే వాళ్లను ఏమంటరే?”

వీరేశం ఆ ప్రశ్న వినలేదు. జల్లెడ అడ్డం వచ్చిందన్నాడు.

స్వర్ణ ఏడుస్తూ నవ్వుతూ పాస్‌పోర్ట్ తీసుకుని గడప దాటబోయింది. బిక్షమ్మ అడ్డం నిలబడింది.

“ఇంటికి తేవద్దు! తెస్తె పోయి తిరిగొచ్చినట్టు లెక్క. ఇట్లనుంచి ఇట్లనే పోవాలె.”

“ఇట్లనా? ఇంటి చీరతోనా?”

“ఉప్పల్ బస్సు ఆరింటికి ఉన్నది,” అన్నాడు వీరేశం, గోడ గడియారం చూడకుండానే. ఆ రోజు ఆయన తప్పు లేకుండా చెప్పిన మాట అదొక్కటే.

హైదరాబాదు అంచున ఉన్న ఉప్పల్‌లో స్వర్ణ చెల్లె పుష్ప ఉంటుంది. రాత్రికి అక్కడ ఉండి పొద్దున్నే పోవచ్చు. దామోదర్ కాగితాల ఫైలు కోసం ఉరికాడు. మల్లీశ్వరి తన కొత్త చీర, చెప్పులు తెచ్చి ఇచ్చింది. చెప్పులు రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ. బిక్షమ్మ నేల మీది అక్షింతలు ఏరి, దులిపి, పాస్‌పోర్ట్‌లో మళ్లీ పెట్టి, “ఎనుకకు చూడకు,” అంది. స్వర్ణ చెప్పులు టపటపలాడించుకుంటూ వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

“రామమ్మక్కా, కేసు ఛేదించిన సమయం రాయి. ఐదూ నలభై,” అన్నాడు వీరేశం.

“ఎట్ల ఛేదించినవని రాయాలె తమ్మీ?”

“మెరుపు దాడి అని రాయి.”

రాశాను. సజ్జ మీదినుంచి నేల మీదికి అని మాత్రం రాయలేదు.

మర్నాడు పదకొండున్నరకు ఫోన్ మోగింది. మేమంతా చుట్టూ చేరితే దామోదర్ స్పీకర్ పెట్టాడు.

“తీసుకున్నరు!” అంది స్వర్ణ. “అన్ని మంచిగున్నయన్నరు. గని కౌంటర్ కాడి పిల్ల పాస్‌పోర్ట్ తెరిస్తే అక్షింతలన్ని బల్ల మీద రాలినయి. ఇదేందమ్మా, పెండ్లికి పోతున్నవా అన్నది.”

“నువ్వేమన్నవే?” బిక్షమ్మ ఫోన్ లాక్కుంది.

“మా అత్తమ్మ నన్ను పోయిన గురువారమే పంపిచ్చింది, నేనే జర ఎనుకబడ్డ అన్న.”