ఊలు స్వెట్టరు కాటు

ఆ ఉదయం నిచ్చెన అనే అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి వదిలేదాకా నోరు తెరవకూడదు, అంతే. పద్నాలుగేళ్లకే గుమ్మం తగిలేంత పొడుగు, కాబట్టి క్లాసులో ఆ పేరు. గడ్డం మీద మొటిమ. అవి చాలవన్నట్టు నిన్న సాయంత్రమే పళ్లకు తీగలు కట్టారు.

బడి బస్సులో ఎవరూ జరిగి చోటివ్వరు కనుక, నిచ్చెన వెళ్లి క్లాసు అందగత్తె సీటు వెనక నిలబడింది. కుక్క అడ్డం రావడంతో డ్రైవరు బ్రేకు వేశాడు. నిచ్చెన వాలి అందగత్తె భుజం మీద పడింది. లేవబోతే తల రాలేదు. పళ్ల తీగ స్వెట్టరు ఊలులో చిక్కుకుంది.

"అమ్మో! కరిచేసింది!" అని అందగత్తె కెవ్వుమంది.

డ్రైవరు అద్దంలో చూసి హడలిపోయి బడికి ఫోను చేశాడు. "పట్టిన పట్టు వదలట్లేదు మేడం!"

హెడ్మిస్ట్రెస్ గేటు దగ్గరే కాచుకుని ఉంది. "ఎందుకు కరిచావే?"

"ఊఊ... ఊలు..."

"పైగా గుర్రుమంటోంది చూడండి!" అన్నాడు డ్రైవరు.

కుక్కల్ని విడదీసే ఉపాయం తనకు తెలుసంటూ డ్రిల్లు మాస్టారు ఇద్దరి మీదా బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. తడిసిన ఊలు ఇంకా బిగుసుకుంది. ఈలోగా నిచ్చెన తల్లి పరుగున వచ్చి కూతురి పక్షాన నిలబడింది.

"మా పిల్ల అలాంటిది కాదండీ! పొద్దున ఏమీ తినకుండా వచ్చేసింది, అంతే."

ఆ మాటతో చుట్టూ ఉన్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు.

పళ్ల డాక్టరు వచ్చేదాకా ఇద్దర్నీ ఓ గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. నిచ్చెన ఏడుపంతా స్వెట్టరే పీల్చుకుంటోంది. కాసేపటికి అందగత్తె భుజం తడుముకుని గుసగుసలాడింది. "ఎక్కడా నొప్పి లేదే! నువ్వు కరవలేదా?"

"ఊహూ."

"ఊలు చిక్కుకుందా?"

"ఊ."

అందగత్తె కిటికీ వైపు చూసింది. బడి మొత్తం అద్దానికి ముక్కులు ఆనించి తన మీద జాలిపడుతోంది. "ఇంతమంది ముందు కెవ్వుమన్నాక స్వెట్టరని చెబితే నా పరువేంగానూ? కరిచావనే అందాం. నీకేం పోతుంది?"

నిచ్చెన ఆలోచించింది. ఊలుకి చిక్కుకున్న పిల్లను చూసి బడి వదిలి వెళ్లేదాకా నవ్వుతారు. కరిచే పిల్లను చూసి నవ్వే ధైర్యం ఎవరికుంది?

"ఊ," అంది.

డాక్టరు కత్తెరతో ఊలు కత్తిరించి, "ఇదేం కాటండీ, ఇది కేవలం..." అనబోయేసరికి, అందగత్తె "అబ్బా, నొప్పి!" అని గది ఎగిరిపోయేలా అరిచింది. హెడ్మిస్ట్రెస్ కాగితం అందించింది. 'ఇకపై ఎవరినీ కరవను' అని నిచ్చెన గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం కింద ఒక గీత కూడా గీసింది.

మర్నాడు క్లాసు లీడరు ఎన్నిక జరిగింది. నిచ్చెన మీద పోటీకి ఎవరూ నిలబడలేదు.