నేరేడుపుట్టుకు వ్యాయామం వచ్చింది

పంతొమ్మిదివందల డెబ్భై తొమ్మిదిలో, వానలు వెనకబట్టే రోజుల్లో, కొండల మీద ఉండే పిల్లలూ పెద్దలూ తగినంత కదలడం లేదన్న సంగతి పైవారి దృష్టికి వచ్చింది. ఎలా వచ్చిందంటే, పట్నంలో ఒక పెద్ద సభ జరిగింది. పట్నం పిల్లలు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారని ఆ సభలో ఒక డాక్టరుగారు లెక్కలతో సహా రుజువు చేశారు. మెట్లెక్కేవాళ్ళ గతే ఇలా ఉంటే కొండలెక్కేవాళ్ళ గతేమిటని ఒక పెద్దమనిషి వేదిక మీదే కంటతడి పెట్టారు. ఆ కన్నీటిచుక్క కాగితమై, కాగితం ఫైలై, ఫైలు ఘాట్‌రోడ్డెక్కి, రెండు నెలల్లో పాడేరు చేరింది. దాని పేరు "బాలల, కుటుంబాల శారీరక చురుకుదన ప్రోత్సాహక వారోత్సవం". ఆ పేరు ఒక్క గుక్కలో చదవగలిగితే సగం వ్యాయామం అయిపోయినట్టే.

వారోత్సవం నిర్వహించే భారం వరహాలరావు మీద పెట్టారు. ఆయన పద్దెనిమిదేళ్ళుగా ఆఫీసులో స్టేషనరీ గది చూస్తున్నాడు. గుండుసూదులు, కార్బన్ కాగితాలు, సిరాసీసాలు కూర్చున్నచోటినుంచే చేతికందేలా సర్దుకున్న దక్షత ఆయనది. దాని ఫలితంగా ఒళ్ళు కుర్చీ ఆకారానికి వచ్చింది. అంత నిలకడగల మనిషి మరొకడు లేడని ఆఫీసంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్నాక, కదలిక శాఖ ఆయనకు కాక ఎవరికి దక్కుతుంది?

వరహాలరావు కాదనలేదు. కారణం ఉంది. భార్య రాజులమ్మ, ఇద్దరు ఆడపిల్లలు సాలూరులో ఉంటారు. ఆరేళ్ళుగా ఆయన నెలకోసారి రెండు బస్సులు మారి వెళ్ళి, పిల్లలు తనని గుర్తుపట్టేసరికి తిరుగు బస్సెక్కుతున్నాడు. "ఒక్క ఆదర్శ కుటుంబాన్ని పట్టుకొచ్చి వేదికెక్కించండి. సాలూరు బదిలీ కాగితం మీద అక్కడే సంతకం పెడతాను" అన్నారు స్పెషలాఫీసరుగారు. ఆ మాటతో వరహాలరావు పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి పిలవకుండానే లేచి నిలబడ్డాడు.

వారోత్సవానికి సరంజామా వచ్చింది. రెండు వందల స్కిప్పింగు తాళ్ళు, ఒక విజిలు, ఒక దరఖాస్తుల కట్ట. దరఖాస్తు ఏడో గడిలో "కుటుంబ సభ్యులు రోజుకు ఎంతసేపు నడచుదురు?" అని ప్రశ్న. దానికి మూడే జవాబులు: నడవరు, పావుగంట, అరగంట. అరగంట దాటి నడిచేవారు వైద్యుని సలహా పొందవలెనని కింద చిన్నక్షరాల్లో హెచ్చరిక. జతచేసిన సర్క్యులరులో మరో స్పష్టత ఇచ్చారు: "కట్టెలు మోయుట, నీరు తెచ్చుట, సంతకు పోవుట మొదలైనవి పనులు. పనిని వ్యాయామముగా చూపరాదు. ఏ పనికీ ఉపయోగపడని కదలికయే వ్యాయామము." దీనికంటే చక్కని నిర్వచనం ఎవరూ ఇవ్వలేరు.

నేరేడుపుట్టు అనే ఊరిని వరహాలరావే ఎంచుకున్నాడు. అక్కడి బడిపంతులమ్మ తెరిసమ్మ జీతం కోసం ఆఫీసుకు వచ్చినప్పుడు, తమ ఊరివాళ్ళు బాగా నడుస్తారని ఒకసారి చెప్పింది. జీపు కొండ కింద పారే గెడ్డ దాకా పోయి ఆగింది. అక్కణ్ణుంచి కొండ. తాళ్ళకట్ట భుజాన, విజిలు మెడలో, దరఖాస్తులు చంకలో పెట్టుకుని వరహాలరావు బయలుదేరాడు.

మొదటి మలుపులో ఆయన కూర్చుని ఉండగా పైనుంచి ఒక మనిషి దిగింది. పేరు సుక్రి. నెత్తిన అడ్డాకుల మోపు, చంకలో ఏడాది పిల్ల. వెనక పదేళ్ళ కూతురు బుద్రి, దాని నెత్తినా ఒక చిన్న మోపు.

"ఏటి బాబూ, ఇక్కడ కూకున్నావు? ఒంట్లో బాగోనేదేటి?"

"మీ ఊరికే వస్తున్నానమ్మా. మీకు వ్యాయామం నేర్పడానికి."

అదేదో తినేదనుకుని సుక్రి సంతోషించింది. గెడ్డకవతల షావుకారు బండిలో ఆకులు దించి, ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కుని ఆమె తిరిగి ఎక్కి వచ్చేసరికి వరహాలరావు మూడో మలుపులో ఉన్నాడు. ఆయన తాళ్ళకట్ట తన నెత్తిన పెట్టుకుంది. బుద్రి దరఖాస్తులు తీసుకుంది. ఆయనకు విజిలొక్కటే మిగిలింది. దాన్ని కూడా ఎవరైనా అందుకుంటే బాగుండునని ఆయన మనసులో అనుకున్నట్టు తెలుస్తోంది.

ఆ సాయంత్రం బడి ముందు దరఖాస్తు నింపడం మొదలైంది. సుక్రి మొగుడు సోంబరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రోజుకి ఎంతసేపు నడుస్తావు సోంబరూ?"

"సంతరోజు పాడేరు ఎల్తాను బాబూ. పసుపు కావిడేసుకుని కోడికూతకి దిగితే దీపాలేలకి వొచ్చీగలను."

వరహాలరావు గడి చూశాడు, సోంబరును చూశాడు, "అరగంట" అని రాశాడు. మనసు ఊరుకోలేదు. కొట్టేసి "పావుగంట" అని రాశాడు. అరగంటంటే వైద్యుని సలహా జతచేయాలి మరి. ఆటస్థలం ఎక్కడంటే కొండంతా అని చెప్పారు. వ్యాయామానికి ప్రత్యేక దుస్తులున్నాయా అంటే, ఒంటిమీద ఉన్నవే ప్రత్యేకమని తెరిసమ్మ చెప్పింది. తర్వాత తాళ్ళు పంచారు. వాటిని ఊరంతా కళ్ళకద్దుకుని పుచ్చుకుంది. తెల్లారేసరికి ప్రతి తాడుకీ ఒక మేకో, కట్టెలమోపో కట్టి ఉంది. సర్క్యులరు ప్రకారం అది ఘోరమైన దుర్వినియోగం.

తాళ్ళు పంచిన రాత్రే, చోడి అంబలి తాగుతుండగా తెరిసమ్మ నెమ్మదిగా అంది. "సార్, ఈ ఊరికి రోడ్డు కావాలని అర్జీ పెట్టి మూడేళ్ళయింది. మీరొకమాట రాస్తే..."

"రోడ్డు నా పరిధి కాదమ్మా."

"సుక్రి తమ్ముడు మంగ్లు తెలుసు కదా సార్, ఇందాక తమకి చాప తెచ్చినతను. పోయిన వానల్లో అతని భార్యకి నెప్పులొస్తే డోలీలో మోసుకెళ్ళారు. సగం దారిలో పిల్ల పుట్టింది. సుక్రి చంకలో ఉండేది ఆ పిల్లే."

"మరి తల్లి?"

"పాడేరు చేరలేదు సార్."

వరహాలరావు అంబలి గిన్నె కింద పెట్టాడు. మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడే పాడేరులో ముగింపు సభ. పదకొండు గంటలకల్లా ఆదర్శ కుటుంబం వేదిక దగ్గర ఉండాలి. తెల్లవారుజామున వరహాలరావు లేవబోయాడు. నడుం ఒప్పుకోలేదు. పద్దెనిమిదేళ్ళ నిలకడను ఒక్కరోజులో భంగపరిచినందుకు అది నిరసన తెలిపింది. ఆయన అటు వంగీ వంగక, ఇటు లేచీ లేవక, ప్రశ్నార్థకంలా ఉండిపోయాడు.

"డోలీ కడతాం" అన్నాడు సోంబరు.

వెదురుబొంగుకి దుప్పటిని ఉయ్యాలలా వేలాడదీసి, రెండు కొసలూ స్కిప్పింగు తాళ్ళతో బిగించారు. ముందు సోంబరు, వెనక మంగ్లు. పిల్లని చంకనేసుకుని సుక్రి, ఫైలు పట్టుకుని బుద్రి. జీపు ముందురోజే తిరిగిపోయింది గనక పాడేరు దాకా అలాగే పోవాలి. వరహాలరావుకు ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. వినిపించేది మాత్రం వాళ్ళ ఊపిరే. దిగుడులో బురదకి మంగ్లు కాలు జారి మోకాలు చీరుకుంటే, సుక్రి పసిదాన్ని బుద్రికిచ్చి తన భుజం బొంగు కింద పెట్టింది.

"దింపండర్రా! నేను నడుస్తాను" అన్నాడు వరహాలరావు.

"ఊరుకో బాబూ. నువ్వు నడిస్తే మాకు ఆలీసం. నువ్వు కూకుంటేనే బేగి ఎల్తాం" అంది సుక్రి.

"ఇక్కడే బాబూ, మా ఆడదాన్ని దింపినాం" అన్నాడు మంగ్లు కొంతదూరం పోయాక. అంత బరువు తన ఒంటికి ఎప్పుడు వచ్చిందో వరహాలరావుకు అర్థం కాలేదు. పద్దెనిమిదేళ్ళూ తను కుర్చీకి మాత్రమే బరువనుకున్నాడు.

సభ దివ్యంగా జరిగింది. ఎనిమిది జీపులు వచ్చాయి. అవి ఆగినచోటినుంచి వేదిక ఇరవై అడుగుల దూరంలో ఉండడం చూసి, అతిథులకు శ్రమ కలిగిందని స్పెషలాఫీసరుగారు నొచ్చుకున్నారు. మోకాళ్ళ నొప్పులవల్ల మైకును తమ కుర్చీ దగ్గరికి వంచుకుని ఉపన్యసించారు.

"సోదరసోదరీమణులారా! కదలికే ప్రాణం! కూర్చున్నవాడు కూలిపోతాడు! కొండజాతుల్లో వేళ్ళూనుకున్న ఈ జడత్వాన్ని మనం వేళ్ళతో సహా పెకలించాలి! లేవండి! నడవండి!"

కుర్చీల్లోని పెద్దలందరూ కూర్చునే చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ కొండవాళ్ళు, లేవమన్నారు కదా, ఎక్కడినుంచి లేవాలో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు.

తర్వాత కుటుంబ నడక పోటీ. దూరం రెండు ఫర్లాంగులు. కాన్వాసు బూట్లు తప్పనిసరి. సోంబరు కుటుంబం పదకొండు మైళ్ళు మోసుకొచ్చిన డోలీని అప్పుడే దించి, మైదానం పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది. మంగ్లు మోకాలికి బుద్రి ఆకుపసరు పిండుతోంది.

"చూశారా! పోటీ జరుగుతుంటే ఎలా చతికిలబడ్డారో! ఈ బద్ధకంతోనే మన పోరాటం" అన్నారు స్పెషలాఫీసరుగారు.

వరహాలరావు నడుం పట్టుకుని వేదిక దగ్గరికి వంగిపోయి నడుచుకుంటూ వచ్చాడు. ఆ వంపును నమస్కారంగా స్వీకరించి ఆఫీసరుగారు తల పంకించారు.

"సార్, వీళ్ళు నన్ను కొండమీదినుంచి మోసుకొచ్చారు సార్."

"మోయడం పనండీ వరహాలరావుగారూ. సర్క్యులరు మీరే చదవకపోతే ఎలా?"

ప్రథమ బహుమతి ఒక కంట్రాక్టరుగారి కుటుంబానికి వచ్చింది. మధ్యలో సోడా తాగడానికి ఒక్కసారి మాత్రమే ఆగి, రెండు ఫర్లాంగులూ నడిచేశారు. బహుమతిగా పడక్కుర్చీ ఇచ్చారు.

ఆ వారమంతా వరహాలరావు మంచంమీద బోర్లా పడుకుని నివేదిక రాశాడు. ఉద్యోగంలో చేరాక సొంతమాటల్లో రాసిన మొదటి కాగితం అదే. నేరేడుపుట్టువాళ్ళు ఎంత నడుస్తారో, ఏం మోస్తారో, సుక్రి భుజం ఎలాంటిదో అయిదు పేజీలు రాశాడు. వాళ్ళకు తాళ్ళక్కర్లేదు, వాళ్ళ కాళ్ళముందు మనమెవరం అని రాశాడు. ఆరో పేజీలో మంగ్లు భార్య సంగతి రాసి, రోడ్డు వేయమని వేడుకున్నాడు.

నివేదికకు అపూర్వమైన గౌరవం దక్కింది. ఎవరో నిజంగా చదివారు. అయిదు పేజీలదాకా చదివారు. నెలరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "రోడ్డు సౌకర్యము లేకపోవుటయే నేరేడుపుట్టు ప్రజల ఆదర్శ దారుఢ్యమునకు మూలకారణమని నివేదిక ద్వారా విశదమైనందున, సదరు గ్రామమునకు రోడ్డు ప్రతిపాదనను ప్రజారోగ్యము దృష్ట్యా రద్దుచేయడమైనది. గ్రామమును సహజ వ్యాయామ గ్రామముగా ప్రకటించడమైనది." దానితోపాటే ఇంకో కాగితం. ఆదర్శ కుటుంబానికి బదులు ఆదర్శ గ్రామాన్నే చూపించినందుకు వరహాలరావుకు సాలూరు బదిలీ.

ఆయన పెట్టె సర్దుకున్నాడు. బస్టాండుకు వెళ్ళాడు. సాలూరు వైపు బస్సు వచ్చింది. కండక్టరు కేకేశాడు. రాజులమ్మ, పిల్లలు కళ్ళలో మెదిలారు. పెట్టెను బస్టాండులో టీకొట్టువాడికి అప్పగించి, వరహాలరావు సంతనుంచి తిరిగిపోతున్న కొండవాళ్ళ వెంట నడిచాడు. గెడ్డ దాటాక తొమ్మిదిసార్లు కూర్చున్నాడు. ఎవరినీ మొయ్యనివ్వలేదు.

బడి ముందు అందరూ చేరారు. తెరిసమ్మ ఉత్తర్వు చదివి, మడిచి, లోపలికి వెళ్ళిపోయింది.

"ఏటి రాసినారు బాబూ? రోడ్డేసేత్తారా?" అన్నాడు సోంబరు.

"లేదు సోంబరూ. మీరంతా బలంగా ఉన్నారు గనక రోడ్డక్కర్లేదన్నారు. నేను రాసిందాన్ని బట్టే అన్నారు."

"మరెప్పుడేత్తారు?"

"మీకు జబ్బుచేస్తే వేస్తారేమో."

సుక్రి చంకలో పిల్లని సర్దుకుంది. కోపంగా కాదు, అర్థంకాక అడిగింది. "జబ్బు సేసినోల్లని బేగి దింపుకోడానికే కదా బాబూ రోడ్డు అడిగినాం?"

ఆ రాత్రి వరహాలరావు తెరిసమ్మ బల్లమీద లాంతరు పెట్టుకుని కొత్త అర్జీ రాశాడు. ఈసారి రోడ్డు సంగతి మొదటి పేజీలోనే పెట్టాడు. దాన్ని దస్కతుచేసి పంపించాక, ఇతరుల పరిధిలో ఎందుకు జోక్యం చేసుకున్నదీ సంజాయిషీ చెప్పమని మెమో వచ్చింది, దానివల్ల సాలూరు బదిలీ నిలిచిపోయింది గానీ, ఆయన ఆ అర్జీ వెనక్కి తీసుకోలేదు.

ఈలోగా సహజ వ్యాయామ గ్రామం గురించి ఒక ఆదివారం పత్రికలో బొమ్మలతో వ్యాసం పడింది. కొండమీద నెత్తిన బరువుతో సుక్రి ఎక్కుతున్న బొమ్మ అందులో చాలా అందంగా వచ్చింది. చదువుకున్నవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మనుషులంటే అలా ఉండాలన్నారు. మన పిల్లలకీ ఆ అదృష్టం ఉంటే ఎంత బాగుండునన్నారు. అన్నవాళ్ళలో ఒక్కరు కూడా వాళ్ళ వీధిలో రోడ్డు తవ్వేసి పొమ్మని అర్జీ పెట్టినట్టు దాఖలాలు లేవు.