విడాకులకు ముందు పెళ్లి

ఆ కూలరు నేను చేసింది. ఉర్లాలో మా ఫ్యాక్టరీ పారేసే రేకు ముక్కలు అడిగి తెచ్చుకుని, ఆదివారాలు వెల్డింగ్ పెట్టి మరీ చేసింది. ఆన్ చేస్తే ఎక్కడో ఉన్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీ దాకా వినబడేదని గిట్టనివాళ్లు అంటారు. గాలి కూడా వచ్చేది. ఆ మాట ఎవరూ అనరు.

నేను డ్యూటీలో ఉండగా మా ఆవిడ సూరమ్మ దాన్ని పాత ఇనుము కొనే కబాడీవాడికి ఇచ్చేసింది.

"నన్ను అడగకుండా ఎలా ఇచ్చావే?"

"అడుగుదావనే సూసాను. అది మోగినంతసేపూ నా మాట నీకు ఇనబడదు గదా."

"నీకు విడాకులిస్తా."

"మోకాళ్ల నొప్పులు, ఈఎస్ఐ కార్డులో నా పేరెక్కించవయ్యా, దానికి పెళ్లి సర్టిఫికెట్ తీయించవయ్యా అని ఏళ్లబట్టీ అడుగుతుంటే సెలవు లేదంటావు. విడాకులకి సెలవుందేటి?"

"ఉంది."

"ఠీక్ హై. వకీలు ఊర్మిళమ్మ దగ్గరికెల్లు, తెలుగు మనిషి. ఇక్కడోళ్ల హిందీ కాయితమైతే నువ్వు కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తావు. మళ్లీ నాకే తలనొప్పి."

ఏడో తరగతిలోనే బడికి విడాకులిచ్చినవాణ్ణి. పెళ్లానికి ఇవ్వలేనా?

ఊర్మిళ గారు ఆధార్ చూసి, ఫోటోలు చూసి, పెళ్లయినట్టు రుజువు అడిగారు.

"నా మొహం చూస్తే తెలియడం లేదా అండీ?"

"జడ్జిగారు మొహాలు చూడరు. శుభలేఖ ఉందా?"

మా పల్లెలో శుభలేఖలెక్కడివి? నోటితోనే పిలిచారు. పెళ్లి ఫోటో ఒక్కటే ఉంది. అందులో నా మొహానికి అడ్డంగా మా మేనమామ చెయ్యి ఉంది.

"అయితే ముందు పెళ్లి రిజిస్టరు చేయించండి. ముడి కనబడితేనే కదా విప్పేది."

మర్నాడే సెలవు పెట్టాను. పెళ్లిళ్లు రిజిస్టరు చేసే ఆఫీసుకి సూరమ్మ పట్టుచీర కట్టి, మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. దండలు తనే తెచ్చింది. దండ నా మెడలో వేస్తుంటే లైన్లో ఉన్న కుర్రజంటలు చప్పట్లు కొట్టారు.

"అంకుల్, థోడా ముస్కురాయియే," అన్నాడు ఫోటోవాడు.

నేను బిగుసుకున్నాను.

"నవ్వు. బలవంతపు పెళ్లనుకుంటే కాయితం ఇవ్వరు," అంది సూరమ్మ చెవిలో.

విడాకుల కోసం నవ్వాను.

సర్టిఫికెట్ రాగానే చెయ్యి చాపాను. అది అప్పటికే ఆవిడ సంచిలో ఉంది. అక్కణ్ణుంచి ఇంటికి కాదు, నేరుగా మా ఫ్యాక్టరీ ఆఫీసుకి వెళ్లింది. ఈఎస్ఐ కార్డులో పేరు ఎక్కించుకునే తిరిగొచ్చింది.

"నువ్వూ ఆ వకీలమ్మా తోడుదొంగలా?"

"మాది ఒకటే పారాయణం జట్టు. అడిగితే కదలడు, రోసమొస్తే పరిగెడతాడని నేనే సెప్పాను."

"కాగితం ఇవ్వు. ఇప్పుడే కేసు వేస్తా."

"ట్రంకుపెట్టెలో ఉంది. మోకాళ్లు తగ్గాక తాళం ఇస్తాన్లే."

నేను తగ్గేది లేదు. ఆవిణ్ణి ప్రతి వారం ఈఎస్ఐ ఆసుపత్రికి నేనే బండి మీద తీసుకెళుతున్నాను. ఆ మోకాళ్లు ఎంత తొందరగా బాగుపడితే నా కేసు అంత తొందరగా కదులుతుంది.

కబాడీ డబ్బులకి తన చీటీ డబ్బులు కలిపి కొత్త కూలరు తెచ్చిపెట్టింది. ప్లాస్టిక్కుది. చప్పుడే లేదు, రోషం లేని కూలరు. దాని మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాను. రోజూ దానికి వీపు పెట్టే పడుకుంటున్నాను.

వీపుకి చల్లగా తగిలితే అది నా తప్పు కాదు.