తలుపుకు అవతల డైరెక్టరుగారు

ఆ ఉదయం మ్యూజియం వ్యాఖ్యాత అనుకున్నది ఒక్కటే, పది నిమిషాల్లో ముగించాలని. బొమ్మ ముందు నిలబడితే ఆవిడకు కాలం తెలియదు. ఒక కుండతో మొదలుపెట్టి కుమ్మరివీధి, పన్నులు, కరువు, రాజుగారి పెళ్ళి అన్నీ చుట్టి వచ్చేసరికి జనం గోడలకు చేరగిలబడేవారు. అయినా ఒక్కరూ కదిలేవారు కాదు, అది వేరే సంగతి. డైరెక్టరుగారు మాత్రం ఇంకొక్కసారి పది నిమిషాలు దాటితే ఉద్యోగం పొడిగించేది లేదని తేల్చేశారు. అందుకే పొద్దున్నే భర్తను ఎదురుగా కూర్చోబెట్టుకుని సాధన చేసింది. గడియారం చూడవయ్యా అంటే అతను నోరు తెరుచుకుని విన్నాడు. ఇద్దరికీ ఆఫీసు ఆలస్యమైంది.

కొత్త ప్రదర్శన యుద్ధచిత్రాలది. గోడంతేసి బొమ్మలు, ఎంతో బతిమాలి అరువు తెచ్చినవి. వాటికోసం ఆ గదికి కొత్త తాళం వేయించారు. తలుపు లాగితే చాలు, అదే పడుతుంది. పడ్డాక తాళంచెవి లేనిదే లోపలినుంచి కూడా రాదు. మేయరుగారు వచ్చి రిబ్బను కత్తిరించేదాకా ఆవిడ వసారాలో జనానికి నాలుగు ముక్కలు చెప్పాలి. ఈలోగా దీపాలు ఆఖరుసారి చూసుకుందామని డైరెక్టరుగారు లోపలికి వెళ్ళి తలుపు లాగేశారు. తాళంచెవి కోటు జేబులో ఉంది. కోటు ఇస్త్రీకి వెళ్ళింది.

ఆవిడ ఫోను మోగింది.

"అమ్మా, లోపల ఇరుక్కుపోయాను. ఫోను చేసి కోటు కోసం బంట్రోతును పంపాను. మేయరుగారికి తెలిస్తే తలెత్తుకోలేను. ఎవరికీ చెప్పకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."

"పది నిమిషాలేగా సార్?"

"మీ ఇష్టం వచ్చినంతసేపు తల్లీ."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. వసారాలో, గొడుగులు పెట్టేచోట, ఏళ్ళతరబడి ఎవరూ చూడని చిన్న చిత్రం ఒకటుంది. కిటికీ దగ్గర ఒక ఇల్లాలు సైనికుడి కోటుకు గుండీలు కుడుతూ ఉంటుంది. ఆవిడ అక్కడ మొదలుపెట్టింది. ఆ ఊలు ఎవరి గొర్రెలది, దారం ఎవరు వడికారు, ఊళ్ళో మగవాళ్ళంతా పోతే పొలం ఎవరు దున్నారు, అన్నీ చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, వింటున్నవాళ్ళు తమ చొక్కాల గుండీలు తడుముకున్నారు.

ఆవిడ గొంతు తగ్గినప్పుడల్లా లోపలినుంచి తలుపు దబదబమనేది. జనం అవి యుద్ధంలో ఫిరంగులనుకున్నారు. ఆవిడ మాత్రం డైరెక్టరుగారికి కోపం వచ్చిందనుకుని హడలిపోయింది. మేయరుగారు వచ్చి, గుంపు ఎక్కడుంటే ప్రదర్శన అక్కడే అనుకున్నారు. ఆవిడ కోరగానే ఎవరో తలుపుకున్న రిబ్బను విప్పి తెచ్చి బొమ్మ ముందు పట్టుకున్నారు. కత్తిరించడం, చప్పట్లు కూడా అయిపోయాయి. అందరూ అక్కడే నేలమీద కూర్చున్నారు.

"గెలిచిన రాజు పేరు పక్కగదిలో పెద్దక్షరాలతో ఉంది. ఈవిడ పేరు ఎక్కడా లేదు," అందావిడ. "కానీ ఆ చెయ్యి చూడండి. ఆఖరి గుండీ దగ్గర ఆగిపోయింది. అది కుట్టేస్తే కోటు తయారు. కోటు తయారైతే అతను బయల్దేరాలి."

మేయరుగారు కళ్ళు తుడుచుకున్నారు. ఇస్త్రీకొట్టు మూసి ఉందని బంట్రోతు తాళాలు బాగుచేసేవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. అతను అందరి వెనకే డ్రిల్లు పెట్టి తలుపు తీసినా ఒక్క తల తిరగలేదు. డైరెక్టరుగారు చెమటలు కక్కుతూ బయటకొచ్చి తెగిన రిబ్బను చూశారు, ఖాళీ గది చూశారు, నేరుగా ఆవిడ దగ్గరకు నడిచారు. ఉద్యోగం ఊడిందని ఆవిడ మనసులో అనేసుకుంది.

"గొంతు పెంచమని అన్నిసార్లు తలుపు కొట్టానే, వినపడలేదా?" అన్నారాయన. "ఉద్యోగం సంగతికేం, రేపే సంతకం పెడతాను. ఆ డ్రిల్లు మోతలో నాకు సగం కథ వినపడకుండా పోయింది. ఇంతకీ ఆవిడ ఆ గుండీ కుట్టిందా లేదా?"

అంటూనే ఆయనా నేలమీద చతికిలబడ్డారు. ఆవిడ మళ్ళీ గొర్రెల దగ్గర్నుంచి అందుకుంది. పక్కగదిలో రాజుగారు ఆ పూట ఎవరూ చూడకుండానే యుద్ధం గెలిచారు.